ఆగిన కారులో చల్లగాలి

వేసవి మధ్యాహ్నమున హైదరాబాదులో నయాపూల్ వంతెన దాటి, మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టీ వైపు పోవు కార్లను చూడుడు. వంతెన మీద అవి కొంత వేగముగనే వచ్చును. పిమ్మట తోపుడుబండ్లు, ఆటోలు, బేరమాడు జనము క్రిక్కిరిసిన బజారులో అడుగడుగునకు ఆగుచుండును. ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో, వంతెన మీద చల్లగా వీచిన ఏసీ గాలి పత్తర్‌గట్టీలో వేడెక్కును. త్రోవ దొరకి కారు పరుగెత్తగనే మరల చల్లబడును. టాక్సీ నడపువాడు గ్యాసు తగ్గినదనుకొని, డబ్బు వెచ్చించి నింపించుకొనును. మరునాడు మరల అదే అవస్థ. ఒకనాటి సంపాదన పోయినది. దోషము మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

పాతనగరమున మరమ్మతు పని తెలిసినవానిని జనులు ఆదరముతో ఉస్తాదు అని పిలుతురు. నేర్పరియైన ఉస్తాదు పనిముట్లు ముట్టుటకు ముందే ఒక ప్రశ్న వేయును: “భాయీ, బండి ఆగినప్పుడే వేడెక్కుచున్నదా, నడుచునప్పుడు కూడనా?” ఈ ప్రశ్నతోనే సగము పరీక్ష ముగియును.

ఏలయన, ఏసీ చలువను పుట్టింపదు. కారు లోపలి వేడిని వెలుపలకు మోసికొనిపోవును. డాష్‌బోర్డు వెనుక నున్న సన్నని గొట్టములలో ద్రవరూపమున నున్న గ్యాసు ఆవిరియగుచు వేడిని పీల్చుకొనును. కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా నొక్కి, కారు ముందుభాగమున రేడియేటరునకు ఎదుట నున్న కండెన్సరులోనికి పంపును. అచట అది వేడిని గాలికి ఒప్పగించి మరల ద్రవమగును. కారు పరుగెత్తునపుడు ఎదురుగాలియే కండెన్సరును చల్లబరచును. ఆగినపుడు ఆ భారమంతయు ఫ్యానుదే. ఫ్యాను తిరుగకున్న వేడి పోవుటకు దారిలేక గొట్టములలో ఒత్తిడి పెరుగును. యంత్రము చెడకుండ, ఒత్తిడిని కనిపెట్టు స్విచ్చి కంప్రెసరును ఆపివేయును. అనేక చిన్న కార్లలో ఆ ఫ్యానే రేడియేటరును కూడ చల్లార్చును గనుక ఇంజనునకును ముప్పు కలదు.

1939లో అమెరికాలోని ప్యాకార్డు సంస్థ ఏసీ అమర్చిన కారును ప్రజల యెదుట నుంచినది. దాని కంప్రెసరును ఆపవలెనన్న ఇంజను ఆపి, మూత తెరచి, బెల్టును చేతితో ఊడదీయవలసి వచ్చెడిది! నేటి కార్లలో కంప్రెసరును, ఫ్యానును విద్యుత్తే అదుపు చేయును. కావున దోషమును వెదకుటయు విద్యుత్తు వచ్చు త్రోవనే సాగును.

ఇంజను నడపి, ఏసీ వేసి, ముందరి ఫ్యానును చూడవలెను. తిరుగకున్న మొదట ఫ్యూజు, తరువాత రిలే. అదే రకపు మరియొక రిలేను దాని స్థానమున పెట్టిన దాని సంగతి తేలును. అవి రెండును బాగున్నచో, ఫ్యాను తీగలను ఊడదీసి బ్యాటరీనుండి 12 వోల్టుల విద్యుత్తును తిన్నగా మోటారునకు ఇత్తురు. తిరిగినచో మోటారు మంచిదే. లోపము మధ్యనున్న తీగలలోనో, స్విచ్చిలోనో ఉండును. తిరుగకున్న మోటారే చెడినది. తరచుగా అందలి కార్బను బ్రష్షులు అరిగియుండును. ఈ పరీక్ష పని తెలిసినవారు చేయవలసినది. ఇంజను ఆపిన పిదప కూడ కొన్ని కార్లలో ఫ్యాను హఠాత్తుగా తిరుగును. అందు చేయి పెట్టినవాని వ్రేళ్లు దక్కవు. కాలిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టు దురలవాటు కొందరికి కలదు. ఫ్యూజు కాలి తక్కిన తీగలను కాపాడును. రాగితీగ కాలదు, కారే కాలును.

ఇక, కారు లోపలికి గాలియే సరిగా రాకున్న, నేరము డాష్‌బోర్డు లోపలి ఫ్యానుది. దీనిని బ్లోయరందురు. చాల కార్లలో దాని వేగమును తగ్గించుటకు రెసిస్టరు ఉండును. అత్యధిక వేగమున మాత్రము విద్యుత్తు రెసిస్టరును తాకక మోటారును చేరును. అందుచేత చివరి మెట్టున మాత్రమే ఫ్యాను తిరుగుచున్నచో, సాధారణముగా కాలినది రెసిస్టరే. అది వేడెక్కు వస్తువు. బ్లోయరు గాలియే దానిని చల్లార్చును. బజారు దుమ్ముతో ఫిల్టరు పూడిపోయిన, ఆ గాలి తగ్గి రెసిస్టరు మాడును. ఫిల్టరును మార్చక, మోటారు బిగిసినదేమో చూడక క్రొత్త రెసిస్టరు వేసినచో, అదియు కొలదికాలమునకే మాడిపోవును.

మరమ్మతు పిదప బండిని పరుగెత్తించి, చల్లగా నున్నదని సంతోషించువాడు మోసపోవును. అది మునుపును పరుగెత్తునపుడు చల్లగానే ఉండెను గదా! ఆరుబయట ఎండలో నిలిపి, ఇంజను నడుపుచు పది నిమిషములు చూడవలెను. అప్పటికిని చలువ రానిచో గేజి తగిలించి ఒత్తిడి కొలువవలెను. గ్యాసు మాట ఎత్తవలసినది అప్పుడే.