ఫిలింనగర్‌కు జనం ఎందుకొచ్చారు, మణికొండకు ఎందుకు మళ్లారు?

2001, 2011 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే హైదరాబాద్ గురించి ఒక ఆశ్చర్యకరమైన సంగతి తెలుస్తుంది. ఆ పదేళ్లలో హైదరాబాద్ జిల్లా జనాభా 38.30 లక్షల నుంచి 39.43 లక్షలకు చేరింది. పెరుగుదల 2.97 శాతమే. దాన్ని చుట్టుకుని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా మాత్రం 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు, అంటే 48 శాతానికి పైగా పెరిగింది. ఒకే మహానగరం ఈ రెండు జిల్లాల్లోనూ విస్తరించి ఉంది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ మొదటి జిల్లాలో ఉంటే, గుట్ట దిగి షేక్‌పేట దాటాక వచ్చే మణికొండ రెండో జిల్లాలో ఉంది.

హద్దుకు ఇటువైపు దాదాపు నిలిచిపోయిన జనాభా అటువైపు ఎందుకు ఉప్పొంగింది? అమెరికాలో డెట్రాయిట్ దశాబ్దాలపాటు చిక్కిపోతుంటే డల్లాస్ ఎందుకు విస్తరించింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. జనాన్ని నగరానికి రప్పించేది పని, వాళ్లను అక్కడ నిలబెట్టేది ఇల్లు. ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి తెలుగు సినిమా వలస చరిత్ర చక్కని ఉదాహరణ.

జనాభాను మార్చే మూడు ప్రవాహాలు

హద్దులు మారనంతవరకు ఏ నగర జనాభా అయినా మూడు కారణాల వల్లే మారుతుంది. మొదటిది జననాలకూ మరణాలకూ ఉన్న తేడా. రెండోది దేశం లోపలి రాకపోకలు. మూడోది విదేశాల నుంచి వచ్చేవాళ్లు, విదేశాలకు వెళ్లేవాళ్లు.

తెలుగు రాష్ట్రాల్లో మొదటి ప్రవాహం బాగా సన్నబడింది. తరానికి తరం సమానంగా నిలవాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇకముందు మన నగరాలు పెరిగినా తరిగినా వలసే ప్రధాన కారణమవుతుంది. కాలువల కింద మూడు కాలాలూ పచ్చగా ఉండే పశ్చిమ గోదావరి జిల్లా జనాభా కూడా 2001–11 మధ్య 3.51 శాతమే పెరిగింది. అక్కడ కుటుంబాలు చిన్నవయ్యాయి, చదువుకున్న పిల్లలు ఊరు విడిచి వెళ్లారు.

మొత్తం అంకెను మాత్రమే చూస్తే ఈ ప్రవాహాలు కనిపించవు. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ ప్రాంతాల నుంచి దేశంలోని ఇతర చోట్లకు వెళ్లేవాళ్లు ఏళ్ల తరబడి వచ్చేవాళ్లకంటే ఎక్కువగానే ఉన్నారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఆ లోటును చాలావరకు పూడ్చారు. హైదరాబాద్ జిల్లాలోనూ 2001–11 మధ్య మరణాలకంటే జననాలే బాగా ఎక్కువ. అయినా జనాభా మూడు శాతం కూడా పెరగలేదంటే, ఆ జిల్లాకు వచ్చినవాళ్లకంటే దాన్ని వదిలి వెళ్లినవాళ్లే ఎక్కువన్నమాట.

ఒకే పనివాళ్లు ఒకేచోట ఎందుకు చేరతారు?

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారై 1932లో విడుదలైంది. 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో వెలిసింది. గోదావరి ఒడ్డున కళాకారులకు కొదవ లేదు, చూసే జనానికీ కొదవ లేదు. అయినా ఆ స్టూడియో ఎక్కువకాలం నిలవలేదు. పరిశ్రమ మద్రాసులో, ముఖ్యంగా కోడంబాకం, వడపళని ప్రాంతాల్లో పాతుకుపోయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరొందిన విజయ–వాహినీ అక్కడిదే.

ఇలా ఒకే వృత్తివాళ్లు ఒకేచోట గుమికూడడానికి మూడు కారణాలుంటాయని ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించాడు. నైపుణ్యమున్న మనుషులు పక్కపక్కనే దొరుకుతారు. ఆ వృత్తికి కావలసిన సామగ్రి, సేవలు అందించేవాళ్లూ అక్కడికే చేరతారు. పని మెలకువలు ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతాయి.

సినిమాకు ఈ మూడూ అతికినట్టు సరిపోతాయి. ఇరవై నాలుగు క్రాఫ్ట్‌లవాళ్లు కలిస్తేగాని సినిమా తయారు కాదు. షూటింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టగానే యూనిట్ విడిపోతుంది. కెమెరా అసిస్టెంటు, లైట్‌మన్, మేకప్‌మన్, కాస్ట్యూమర్, డబ్బింగ్ ఆర్టిస్టు మళ్లీ కొత్త పని వెతుక్కోవాలి. నెలజీతం లేని ఇలాంటి వృత్తిలో రేపటి పిలుపు అందే దూరంలో ఉండడమే భద్రత. నిర్మాతకూ అదే లాభం. ఉదయం ఒక జూనియర్ ఆర్టిస్టు రాలేకపోతే గంటలో మరొకరిని రప్పించవచ్చు, సెట్ ఆగిపోకుండా కాపాడుకోవచ్చు.

కదలడానికి పట్టిన మూడు దశాబ్దాలు

1956లో హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ దశాబ్దం చివర్లో అమీర్‌పేటలో సారథి స్టూడియో పని మొదలుపెట్టింది. 1960లలో అక్కినేని నాగేశ్వరరావు మద్రాసు వదిలి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. 1970ల మధ్యలో ఆయన అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మించారు. ముషీరాబాద్‌లో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో, తర్వాత కృష్ణ పద్మాలయా, ఫిలింనగర్ గుట్ట మీద డి.రామానాయుడి స్టూడియో వచ్చాయి. ప్రభుత్వం స్థలాలు కేటాయించింది, రాష్ట్రంలో తీసే సినిమాలకు రాయితీలిచ్చింది, 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థను నెలకొల్పింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ తోడైంది.

షూటింగులు హైదరాబాద్ వచ్చాక కూడా పాటల రికార్డింగు, ఫిల్మ్ ప్రాసెసింగ్ చాలాకాలం మద్రాసులోనే జరిగాయి. హీరో మకాం మార్చడం సులువే. ల్యాబ్, రికార్డింగ్ థియేటర్, వాద్యబృందం, వాళ్ల కుటుంబాలు, పిల్లల బడులు ఒక్కసారిగా కదలవు. 1990ల నాటికిగాని వలస దాదాపుగా పూర్తికాలేదు.

2014లో రాష్ట్ర విభజన జరిగాక చాలామంది పరిశ్రమ విశాఖపట్నానికి వెళుతుందేమో అనుకున్నారు. అక్కడ సముద్రం ఉంది, దగ్గర్లో అరకు లోయ ఉంది, రామానాయుడు కట్టించిన స్టూడియో కూడా ఉంది. షూటింగులు జరిగాయి గానీ పరిశ్రమ మకాం మారలేదు. పరిశ్రమ కూడా సంత లాంటిదే. సంతకు అమ్మేవాళ్లు కొనేవాళ్ల కోసం, కొనేవాళ్లు అమ్మేవాళ్ల కోసం వస్తారు. అందరూ ఒకేసారి కొత్తచోటికి వెళితే తప్ప ముందు వెళ్లినవాడు నష్టపోతాడు. మద్రాసు నుంచి కదిలినప్పుడు రాజధాని, స్థలాలు, రాయితీలు, అగ్రనటుల సొంత పెట్టుబడి ఒకదాని వెంట ఒకటి ఒకే దిశలో పనిచేశాయి. రాయితీ ఒక్కటే ఉంటే షూటింగ్ మాత్రమే తరలుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం 2008 నుంచి 30 శాతం దాకా పన్ను రాయితీ ఇచ్చి ఎన్నో హాలీవుడ్ చిత్రీకరణలను అట్లాంటాకు రప్పించింది. అయినా పెద్ద స్టూడియోల ప్రధాన కార్యాలయాలు లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోనే ఉన్నాయి.

పని దగ్గర, ఇల్లు దూరం

పని వచ్చినచోట నేల ధర పెరుగుతుంది. బండరాళ్ల గుట్టలుగా ఉన్న జూబ్లీహిల్స్‌లో 1960లలో సహకార గృహనిర్మాణ సంఘం ప్లాట్లు వేసింది. విశాలమైన స్థలాల్లో విడివిడి ఇళ్లు వెలిశాయి. అంతటి నేల మీద ఉండగలిగే కుటుంబాలు తక్కువ, వాటి ధర భరించగలిగేవాళ్లు ఇంకా తక్కువ. సినిమాలో రోజుకూలీకి పనిచేసేవాళ్లు గుట్ట దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్ సందుల్లో అద్దె గదులు చూసుకున్నారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఈ పశ్చిమ దిక్కునే ఇళ్లు వెతికారు. అద్దెలు పెరిగాయి. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి వైపు అపార్టుమెంట్లు లేచాయి. సినీ కార్మికుల చిత్రపురి కాలనీ కూడా మణికొండ దగ్గరే ఏర్పడింది. వ్యాసం మొదట్లో చూసిన రెండు అంకెల మధ్య అంత తేడాకు ఇదొక ముఖ్య కారణం. పని జనాన్ని నగరానికి తెస్తే, ఇంటి ధర వాళ్లను అంచులకు పంపింది.

అమెరికాలో ఇదే తంతు వేల కిలోమీటర్ల మేర నడుస్తోంది. కాలిఫోర్నియా తీరంలో జీతాలు ఎక్కువే, కానీ కొత్త ఇళ్లకు అనుమతులు దొరకడం కష్టం. డల్లాస్ చుట్టూ సమతల భూమి ఉంది, ఇళ్లు త్వరగా కట్టుకోవచ్చు, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లాస్ శివారు ఫ్రిస్కో జనాభా 2000లో 34 వేల లోపే. 2020 నాటికి అది రెండు లక్షలు దాటింది.

తరుగుదల ఎందుకంత నెమ్మది?

పని పోయిన ఊరు వెంటనే ఖాళీ కాదు. కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తరతరాలుగా తెలుగు, తమిళ కుటుంబాలు చెమటోడ్చిన ఊరది. గని మూసినా ఇళ్లు మిగిలాయి. ఆ ఇళ్లను నమ్ముకుని ఎంతోమంది రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి పనిచేసి వస్తున్నారు. ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ గ్లేజర్, జోసెఫ్ గ్యోర్కో 2005లో ప్రచురించిన పరిశోధనలో దీనికి కారణం వివరించారు. ఇల్లు దశాబ్దాలపాటు నిలుస్తుంది. పని తగ్గితే ఇంటి ధర పడిపోతుంది, ఆ చవకే కొందరిని ఊరు కదలనివ్వదు. అందుకే నగరాలు వేగంగా పెరుగుతాయి, నెమ్మదిగా తరుగుతాయి. కార్ల పరిశ్రమ మీదే ప్రధానంగా ఆధారపడిన డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18.5 లక్షలు, 2020లో 6.4 లక్షలు. అది కరగడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

హైదరాబాద్‌కు ఆ గతి పట్టకపోవడానికి కారణం ఇక్కడ పని ఒక్క రంగంలోనే లేకపోవడం. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు సాంకేతిక నిపుణులను తయారుచేశాయి. ఔషధాలు, సాఫ్ట్‌వేర్, సినిమా వాటికి తోడయ్యాయి. ఒకటి నీరసించినా మరొకటి ఆదుకుంటుంది. ఇళ్ల విషయంలో మాత్రం ఆ ధీమా లేదు. అంచులకు వెళ్లినకొద్దీ కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తేవాలి, ప్రయాణానికి గంటలు వెచ్చించాలి. ఆ భారాన్ని మొదట మోసేది తెల్లవారుజామున కాల్‌షీట్‌కు అందుకోవలసిన కార్మికుడే. పని చోటుకు దగ్గరలో చిన్న జీతగాళ్లు అద్దెకుండగల ఇళ్లను నగరం ప్రణాళికలోనే చేర్చుకోవాలి. లేకపోతే పనిచేసే చేతులు మరో నగరాన్ని వెతుక్కుంటాయి.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ అంకెలు వచ్చాక ‘హైదరాబాద్ ఎన్ని లక్షలు దాటింది’ అన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, నడిబొడ్డు వార్డుల్లో ఎవరు మిగిలారు, పనికి ఎంత దూరం వెళుతున్నారు అన్న పట్టికలను కూడా చదవాలి. నగరం నిజంగా బలపడుతోందా, బయటికి ఉబ్బుతూ లోపల ఖాళీ అవుతోందా అన్నది చెప్పగలిగేవి ఆ పట్టికలే.