జస్టిస్ పార్టీ కాగితాలు ఎక్కడున్నాయి?

పోటీ పరీక్షలకు చదివే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు జస్టిస్ పార్టీ గురించి రెండు ముక్కలు బట్టీ పడతారు. 1916లో మద్రాసులో పుట్టింది, 1920 ఎన్నికల తర్వాత మద్రాసు రాష్ట్రంలో మంత్రివర్గం ఏర్పాటు చేసింది. బిట్టుకి అది చాలు. కానీ రిజర్వేషన్ అనే మాట వచ్చిన ప్రతిసారీ ఆ పార్టీ పేరు ఎత్తుకునే మనం, దాని గురించి చెప్పే మాటలకు ఆధారం ఏ కాగితంలో ఉందో కూడా తెలుసుకుంటే బాగుంటుందని మా మిత్రబృందం అనుకున్నది. ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు దీన్నే ఎంచుకున్నాం.

ఇది అరవ దేశపు కథ మాత్రమే కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా జిల్లాలు, రాయలసీమ కలిసే ఉండేవి. 1921లో ముఖ్యమంత్రి అయిన పానగల్ రాజా అంటే పానగంటి రామరాయణింగారు తెలుగువారు. మంత్రిగా పనిచేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు, 1932లో ముఖ్యమంత్రి అయిన బొబ్బిలి రాజా కూడా మనవాళ్ళే. పార్టీ మూడు భాషల్లో పత్రికలు నడిపింది. ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’. పార్టీ అసలు పేరు దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. ఆ ఇంగ్లీషు పత్రిక పేరే జనం నోట పార్టీ పేరుగా నిలిచిపోయింది.

మరి ఆ పార్టీ రికార్డులు ఎక్కడున్నాయి? ఒక ఆఫీసు, అందులో ఒక బీరువా, దాంట్లో మినిట్స్ పుస్తకాలు ఉంటాయని ఊహించుకుని వెదికితే దొరకవు. ఈ పార్టీ చాలావరకు పెద్దమనుషుల ఇళ్ళ నుంచి, పత్రికాఫీసు నుంచి నడిచింది. 1937 ఎన్నికల్లో చిత్తుగా ఓడింది. 1944లో సేలం మహాసభలో పెరియార్ నాయకత్వాన ద్రావిడర్ కళగంగా మారింది. పి.టి.రాజన్ వంటి కొందరు పాత పేరుతోనే విడిగా కొనసాగారు. అందుకే ఈ పార్టీ చరిత్ర రాసినవాళ్ళు ప్రధానంగా ఆధారపడింది ప్రభుత్వ ఫైళ్ళ మీద, శాసనమండలి చర్చల మీద, పత్రికల మీద. పార్టీవాళ్ళు తమ గురించి తాము కూర్చుకున్నది చూడాలంటే టి.ఎ.వి.నాథన్ సంపాదకత్వంలో 1929లో వచ్చిన ‘జస్టిస్ ఇయర్ బుక్’ ఉంది. అది పనికొచ్చే పుస్తకమే. అయితే పెళ్ళిపిలుపు శుభలేఖలో ఇంటి అప్పులు రాయరు కదా, అది కూడా అంతే.

పెద్ద ఖజానా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా కట్టిన ఎర్ర భవనం. అక్కడ ప్రతి జీవోనూ దాని కట్టతో సహా చూడాలి. పైన ఉండే ఆర్డరు ఒకటి రెండు పేజీలే. దాని వెనకాల గుమస్తా నుంచి సెక్రటరీ దాకా రాసిన నోట్లు, అభ్యంతరాలు, కొట్టివేతలు ఉంటాయి. మంత్రిగారు ఏమి కోరారు, తెల్లదొర ఎక్కడ అడ్డుపడ్డాడు, చివరికి ఏ మాట మారింది అన్నది ఆ నోట్లలో తెలుస్తుంది. ఇవికాక అండర్ సెక్రటరీ ఇనప్పెట్టెలో దాచిన రహస్య ఫైళ్ళని ఒక ప్రత్యేక వరుసే ఉంది. ప్రభుత్వ అనువాదకులు దేశభాషా పత్రికలు చదివి వారం వారం ఇంగ్లీషులో రాసిన సారాంశాలూ ఉన్నాయి. వీటిని నమ్మేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సర్కారుకు ఏది ఆందోళన కలిగించిందో అదే అనువాదకుడు ఎత్తి రాశాడు. పత్రికలో ఉన్నదంతా కాదు.

కొంత సరుకు లండన్‌లో ఉంది. 1919లో రాజ్యాంగ సంస్కరణలపై పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు వాదన వినిపించడానికి కూర్మా వెంకటరెడ్డి నాయుడు వంటివారు అక్కడికి వెళ్ళారు. అదే పని మీద వెళ్ళిన డాక్టర్ టి.ఎం.నాయర్ ఆ జూలైలో అక్కడే కన్నుమూశారు. ఆ కమిటీ ముందు ఇచ్చిన సాక్ష్యాలు అచ్చయ్యాయి.

ఇక మన హాస్టల్ పిల్లలకు ముఖ్యమైన కాగితాల సంగతికి వద్దాం.

మొదటిది 1921 సెప్టెంబరు 16 నాటి జీవో 613. దీన్నే తొలి కమ్యూనల్ జీవో అంటారు. ఉద్యోగాల్లో చేరినవారి లెక్కలు కులాల, మతాల వారీగా ఆరు నెలలకోసారి పంపమన్నది. ఆ వర్గాల జాబితా చదివితే బ్రాహ్మణులు, బ్రాహ్మణేతర హిందువులు, భారతీయ క్రైస్తవులు, ముస్లింలు, యూరోపియన్-ఆంగ్లో ఇండియన్లు, ఇతరులు అని ఉంటుంది. మాల, మాదిగలకు అందులో విడి గడి లేదు. శాసనమండలిలో ఎం.సి.రాజా నిలదీసింది దీన్నే. ఆయన అణగారిన వర్గాల తరఫున నామినేట్ అయిన సభ్యుడు. 1921లో మద్రాసు బి అండ్ సి మిల్లుల సమ్మె, పులియంతోపు గొడవలప్పుడు జస్టిస్ నాయకులు ఆది ద్రావిడులనే తప్పుపట్టడంతో వ్యవహారం ఇంకా చెడింది. 1923లో ఆయన పార్టీ నుంచి బయటికి వచ్చారు. పార్టీవారి సొంత పుస్తకం మాత్రమే చదివితే ఈ కోపం మనకు వినపడదు. శాసనమండలి చర్చల సంపుటాల్లో వినపడుతుంది.

రెండోది 1922 మార్చి 25 నాటి జీవో 817. పంచమ, పరయ అనే పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయమన్న ఉత్తర్వు. దీన్ని పార్టీ ఘనతగా చెప్పేవారున్నారు. అయితే మండలిలో తీర్మానం పెట్టింది ఎం.సి.రాజా. అంతకు ఐదేళ్ళ ముందే, 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆది ఆంధ్ర అనే పేరును నిలబెట్టింది. జీవో తేదీ నుంచే కథ మొదలుపెడితే ఆ సభ మాయమైపోతుంది.

అలాగే పన్నెండు ఉద్యోగాల వంతు పెట్టిన 1927 జీవో. అందులో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, క్రైస్తవులు-ఆంగ్లో ఇండియన్లకు 2, అణగారిన వర్గాలకు 1. చాలామంది దీన్ని జస్టిస్ పార్టీ ప్రభుత్వం తెచ్చిందని రాస్తారు. అప్పుడు గద్దె మీద ఉన్నది సుబ్బరాయన్ గారి స్వతంత్ర మంత్రివర్గం. ఆర్డరు మీది తేదీ చూస్తే చాలు, ఈ పొరపాటు జరగదు.

మూడోది, మాకు అన్నింటికన్నా దగ్గరగా అనిపించేది, పార్టీ కాగితమే కాదు. లేబర్ కమిషనర్ వార్షిక నివేదికలు. 1920 ప్రాంతం నుంచి అణగారిన వర్గాల ఇళ్ళస్థలాలు, మంచినీళ్ళ బావులు, బడులు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు ఆ శాఖ చూసేది. 1949లో మద్రాసులో హరిజన సంక్షేమ శాఖ ఏర్పడి ఆ పని అందుకుంది. మనం తిన్న అన్నానికి లెక్క రాసిన శాఖకు పాత తల్లివేరు అది. ఎన్ని బావులు తవ్వారు, ఎంతమందికి స్కాలర్‌షిప్పు ఇచ్చారు అని ఏటేటా లెక్క రాశారు. మంత్రుల ఉపన్యాసాల పక్కన ఈ పట్టికలు పెట్టుకుని చదవాలి. ఆ మాటకొస్తే పార్టీ పుట్టకముందే నటేశ మొదలియార్ తిరువల్లిక్కేణిలో బ్రాహ్మణేతర విద్యార్థులకోసం ‘ద్రవిడియన్ హోమ్’ అనే హాస్టల్ నడిపారు. పార్టీకి పునాదుల్లో ఒకటి హాస్టల్ అన్నమాట. అందులో ఉన్న పిల్లలు తిండి గురించి, పడక గురించి ఏమనుకున్నారో రాసిపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

చూడాలనుకునే వారికి కొంచెం దారి చెబుతాం. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ ద్వారా కొన్ని ఫైళ్ళు ఇంటి నుంచే చదవొచ్చు. ఎగ్మూరు వెళ్ళేవారు కాలేజీ నుంచి లేఖ తీసుకుని వెళ్ళాలి. పార్టీ ప్రత్యర్థులు ఏమన్నారో కూడా తెలియాలంటే కాంగ్రెసు పక్షాన ఉన్న ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక చూడాలి. పాత తెలుగు పత్రికల సంపుటాలకు 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పేరుపొందింది. కాగితం పెళుసుగా ఉంటుంది, పేజీ మెల్లగా తిప్పాలి. పెన్ను కాకుండా పెన్సిలు, ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. ఏ సంపుటం, ఏ తేదీ, ఎన్నో పేజీ అన్నది అక్కడికక్కడే రాసుకోండి.