లక్ష్మీ నగర్ గదిలో శీతకాలం

మన కార్యాలయంలోని ఒక మిత్రుని కుమారుడు ఈ సంవత్సరం సి.ఏ. శిక్షణకై ఢిల్లీ వెళ్ళి, లక్ష్మీ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. కార్తికం వెళ్ళగానే ఆ మిత్రుడు నా వద్దకు వచ్చి, "మీరు అక్కడ కాపురముండి వచ్చినవారు కదా, ఏ హీటరు కొనమంటారు?" అని అడిగారు. "హీటరు సంగతి తరువాత చూద్దాం. గది ఎన్నో అంతస్తులో ఉందండీ?" అన్నాను. ఆయన నా వంక వింతగా చూశారు. ఆ ప్రశ్న వెనుక మా కుటుంబం గడిపిన ఒక శీతకాలం ఉన్నది. మన సంస్థ నుండి బదిలీపై ఢిల్లీ వెళ్ళేవారూ, పిల్లలను చదువులకు పంపేవారూ ఏటా ఉంటారు కనుక ఆ సంగతులు ఇక్కడ వ్రాయడం ఉచితమని భావిస్తున్నాను.

లక్ష్మీ నగర్ యమునకు తూర్పు ఒడ్డున ఉన్నది. ఐ.టి.ఓ. వంతెన దాటి వికాస్ మార్గ్ పట్టుకుంటే వస్తుంది. మెట్రో రైలు అక్కడికి 2010 జనవరిలో వచ్చింది. నేను వెళ్ళిన 1997లో బస్సే శరణ్యం. పది అడుగుల సందులు, వాటికి ఇరువైపులా ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన మూడు, నాలుగు అంతస్తుల మేడలు. ఢిల్లీ సమన్వయ కార్యాలయంలో పని కనుక, నా జీతానికి అందుబాటులో ఉన్న చోటు అదే. ఒక మేడ పైకప్పు మీద ఒంటరిగా కట్టిన గది దొరికింది. దానిని అక్కడివారు 'బర్సాతీ' అంటారు. గాలి, వెలుతురు ధారాళం, అద్దె తక్కువ. విశాఖలో పుట్టి పెరిగినవాడిని; గాలి ధారాళంగా వచ్చే గది దొరకడం అదృష్టమనుకున్నాను.

ఆ సంవత్సరపు డిసెంబరు సామాన్యమైనది కాదు. 1901 నుండి లెక్కించిన నూరేళ్ళలో, డిసెంబరు నెల పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 20 డిగ్రీలు మించని సంవత్సరాలు నాలుగే నాలుగు: 1919, 1929, 1961, 1997. ఆ తరువాత 2019 కూడా ఆ వరుసలో చేరింది. ఆ ఏడు డిసెంబరు 30న సఫ్దర్‌జంగ్ వద్ద పగటి గరిష్ఠమే 9.4 డిగ్రీలు. ఢిల్లీ చలి అనగానే మనవారు రాత్రి కనిష్ఠం ఎంత అని అడుగుతారు. నిజానికి బాధించేది పగలు. పొగమంచు సూర్యుని కప్పివేసిన రోజులు నాలుగైదు వరుసగా వస్తే గోడలు వెచ్చబడే అవకాశమే ఉండదు. వేసవి తాపాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టిన ఇళ్ళు కనుక గది వెచ్చజేసే ఏర్పాటు ఏదీ ఉండదు.

ఇంజనీరును కనుక మొదటి వారంలోనే కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మా గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు. మూడు గోడలు బయటికి, నాలుగవది మెట్లగదికి ఆనుకొని ఉన్నది. గోడలు నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుకవి, పైన కాంక్రీటు పలక. బయటి కంటె లోపల పది డిగ్రీలు ఎక్కువ నిలపాలంటే, గోడల గుండా సుమారు 840 వాట్లు, కప్పు గుండా మరొక 325 వాట్లు నష్టపోతాయి. సందుల గుండా వచ్చే గాలికి ఇంకొక 280 వాట్లు వేసుకోవచ్చు. మొత్తం దాదాపు 1450 వాట్లు. అంటే వేయి వాట్ల హీటరు రాత్రంతా వెలిగినా పది డిగ్రీల తేడా నిలపలేదు.

ఇదే గది రెండవ అంతస్తులో, పైనా క్రిందా ఇరుప్రక్కలా కాపురాలు ఉన్న చోట ఉన్నట్లయితే బయటికి ఉండేది ఒక్క గోడే. నష్టం 400 వాట్ల లోపు. విశ్రాంతిగా ఉన్న మనిషి దేహం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. ముగ్గురు మనుషులు, ప్రక్కన వంట పొయ్యి ఉంటే ఆ గదికి హీటరు అవసరం అంతగా పడదు. ఎన్నో అంతస్తు అని నేను అడిగినది ఇందుకే. అట్లని మరీ క్రింది అంతస్తూ మంచిది కాదు. డిసెంబరు చివర ఢిల్లీలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు 38 డిగ్రీల ఎత్తుకు మించడు. నలభై అడుగుల మేడ నీడ యాభై అడుగులు పడుతుంది. సందు వెడల్పు పది అడుగులు. క్రింది గదులకు మాఘం దాకా ఎండ మొహం తెలియదు. అద్దె నాలుగు రూకలు ఎక్కువైనా నడిమి అంతస్తు, వీలైతే దక్షిణపు కిటికీ చూసుకోవడం మేలు.

ఈ లెక్క గది తీసుకోకముందు వేసుకోవలసినది. నేను తరువాత వేసుకున్నాను. గోడలను మార్చలేము కనుక గాలిపై పడ్డాను. మా తలుపు క్రింద అర అంగుళం సందు ఉండేది. మూడడుగుల తలుపుకు అది పద్ధెనిమిది చదరపు అంగుళాలు, అనగా తలుపులో నాలుగంగుళాల చదరపు కన్నం కొట్టినదాని కంటె ఎక్కువ. పాత చీర ముక్కలో ఇసుక నింపి పొడుగాటి సంచీ కుట్టించి అక్కడ పెట్టాను. కిటికీ చట్రం చుట్టూ వార్తాపత్రికలు మైదా జిగురుతో అంటించాను. వెంటిలేటరుకు అట్టముక్క బిగించాను. కొవ్వొత్తి వెలిగించి ప్రతి మూలా పట్టుకొని చూస్తే జ్వాల కదలలేదు. ఆ సాయంకాలం నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. మా శ్రీమతి మాత్రం, "గదికి ఊపిరాడకుండా చేశారు" అన్నది.

అయినా చలి తగ్గలేదు. క్రింది అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు పంజాబీ వృద్ధురాలు. అందరూ ఆమెను మాతాజీ అని పిలిచేవారు. మా మూడేళ్ళ పాప ముక్కు కారుతూ తిరగడం చూసి, తన బొగ్గుల కుంపటి ఇచ్చింది. అంగీఠీ అంటారు దానిని అక్కడ. "పడుకునే ముందు బయట పెట్టు బేటా" అని రెండుసార్లు చెప్పింది. నేను బొగ్గులను బయటనే రాజేసి, పొగ పూర్తిగా పోయి ఎర్రని నిప్పులైన తరువాతనే లోపలికి తెచ్చాను. పొగే లేనప్పుడు ప్రమాదమేమిటని నా ధీమా. గది హాయిగా వెచ్చబడింది. ఆమె మాట గుర్తున్నది కానీ, లేచి తలుపు తీస్తే కష్టపడి కూడబెట్టిన వేడి పోతుందని బద్ధకించాను.

అర్ధరాత్రి పాప వాంతి చేసుకున్నది. ఆ చప్పుడుకు శ్రీమతి లేచింది. తల పగిలిపోతున్నదని, కాళ్ళు నిలవడం లేదని తరువాత చెప్పింది. గోడ పట్టుకొని వెళ్ళి, ఇసుక సంచీని కాలితో తోసి తలుపు తీసింది. నన్ను లేపడానికి ఆమెకు చాలా సేపు పట్టిందట. పాపను దుప్పటిలో చుట్టి ముగ్గురమూ ఆ మంచులో డాబా మీద కూర్చున్నాము. పాప ఏడుపు మొదలుపెట్టిన తరువాత గానీ మాకు ప్రాణం కుదుటపడలేదు. తెల్లవారి వైద్యుని వద్దకు వెళ్తే, ఆయన సంగతి విని, "వాంతి చేసుకోకపోతే మీరు వచ్చేవారు కాదు" అన్నాడు.

నేను సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉన్నది. నేను బ్లాస్ట్ ఫర్నేస్ ప్రక్కన ఆరేళ్ళు పనిచేసినవాడను. ఆ కొలిమి వాయువులో కార్బన్ మోనాక్సైడు నూటికి ఇరవై పాళ్ళకు పైగా ఉంటుందని, వాయు పరీక్ష లేకుండా, తోడు మనిషి లేకుండా ఆ వేదిక ఎక్కరాదని మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎనిమిది గంటల పనికి గాలిలో పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళే హద్దని క్రొత్తగా చేరినవారికి నేనే పాఠం చెప్పాను. కర్మాగారం ద్వారం దాటి ఇంటికి వస్తే అదే వాయువు కుంపటిలో ఉంటుందని తోచలేదు. మన కొలిమిలో జరిగేదే కుంపటిలోనూ జరుగుతుంది: అడుగున బొగ్గు కాలి వెలువడిన బొగ్గుపులుసు వాయువు, పైనున్న ఎర్రని నిప్పుల గుండా పోతూ మోనాక్సైడుగా మారుతుంది. నిప్పుల పైన అప్పుడప్పుడు కనిపించే నీలి జ్వాల అది మండుతున్న గుర్తే. పొగ లేదు, వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన ఆకర్షణతో దానిని పట్టుకుంటుంది.

తరువాత లెక్క వేశాను. వేయి ఘనపుటడుగుల మూసిన గదిలో పది లక్షలకు వేయి పాళ్ళ మోనాక్సైడు చేరితే గంట, రెండు గంటలలో స్పృహ తప్పవచ్చు. ఆ స్థాయికి మోనాక్సైడుగా మారవలసిన బొగ్గు పద్నాలుగు గ్రాములు. తులం కంటె కొంచెం ఎక్కువ. కుంపటిలో నేను పోసినది కిలోకు పైనే. సందులన్నీ అంత నేర్పుగా మూసి ఉండకపోతే మాకు అంత ముప్పు వచ్చేది కాదు.

'గుండెల మీద కుంపటి' అనే మన నుడికారాన్ని ఆ తరువాత నేను తేలికగా వాడలేదు. 2024 జనవరి నడుమ ఢిల్లీలో ఒకే రోజున, మూసిన గదులలో అంగీఠీ పెట్టుకొని నిద్రించిన ఆరుగురు మరణించారు. అలీపూర్‌లో ఇద్దరు పిల్లలతో సహా ఒక కుటుంబంలోని నలుగురు, ఇందర్‌పురిలో ఇద్దరు. స్నానాల గదిలో బిగించే గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం ఉన్నది. గీజరు గది బయట ఉండాలి, లేదా వెంటిలేటరు తెరిచి ఉండాలి. బొగ్గయినా కర్రయినా గ్యాసయినా, మండేది ఏదీ పడకగదిలో ఉండరాదు. తలనొప్పి, వికారం, మత్తు కనిపిస్తే వాటిని జలుబు లక్షణాలనుకోకుండా వెంటనే తలుపు తీసి బయటికి రావాలి.

మిగిలిన శీతకాలాన్ని మేము గదిని కాక మనుషులను వెచ్చగా ఉంచుకొని గడిపాము. వెంటిలేటరు అట్ట తీసివేశాను. ఇసుక సంచీ మాత్రం ఉంచుకున్నాను. ఒక రజాయి కొన్నాము. వాడగా వాడగా దూది గడ్డకట్టి, దానిలోని గాలి పోయి రజాయి చల్లబడుతుంది. దూదేకులవానిచేత ఏకించి మళ్ళీ నింపిస్తే క్రొత్తదవుతుంది. వెచ్చదనమిచ్చేది దూది కాదు, దూది పట్టి ఉంచిన గాలి. మా అమ్మ పాత నేత చీరలు పొరలు పొరలుగా కుట్టి పంపిన బొంత పరుపు మీద వేస్తే ఇంకా మేలు చేసింది. చలి క్రింది నుండి కూడా వస్తుందని చాలామంది గమనించరు. రెండు లీటర్ల వేడినీళ్ళు రబ్బరు సంచీలో పోసి పాదాల దగ్గర పెట్టుకుంటే, దానిలో ఒక మనిషి గంటసేపు వెలువరించేటంత వేడి ఉంటుంది. ఖర్చు యూనిట్‌లో పదవ వంతు.

హీటరు కొనదలచినవారు ముందు గోడలోని సాకెట్టు చూసుకోవాలి. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. లక్ష్మీ నగర్ గదులలో తరచుగా కనిపించే 6 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు అంత భారం మోయలేవు. 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. మూడడుగుల లోపల పక్క, తెర, ఆరవేసిన బట్టలు ఉండరాదు. నిద్రకు ముందు గంటసేపు వేసి ఆపివేయడం నా పద్ధతి. గోడలకు థర్మోకోల్ పలకలు అంటించమని కొందరు సలహా ఇస్తారు. అవి నిప్పంటుకుంటే కరిగి మండుతూ విషపు పొగ చిమ్ముతాయి కనుక నేను ఒప్పుకోను.

మిత్రుని కుమారుడు పై అంతస్తు గది వదలి రెండవ అంతస్తుకు మారాడు. వాళ్ళ నాయనమ్మ బొంత పార్సిలు చేసిందట.

మాతాజీ కుంపటిని నేను మరునాడే తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. ఆ చలికాలమంతా అది డాబా మీదనే ఉన్నది. ఆదివారం సాయంత్రాలలో మేడలోని నాలుగు కాపురాలవారమూ దాని చుట్టూ ముక్కాలి పీటలు వేసుకొని, చిలగడదుంపలు కాల్చుకొని తినేవారము. పాపకు తొక్క ఒలిచి పెట్టేది మాతాజీయే.