తర్వాత ఏమవుతుందంటే...

మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతరకు జరిగే ఎడ్ల పందేలు చూశారా? బండ సగం దూరం పోకముందే 'ఈ జతదే గెలుపు' అని ఒకరంటే, 'చూద్దువుగాని ఆగు' అంటాడు పక్కాయన. పందెం అయ్యాక ఎవరైనా చెబుతారు. మజా అంతా మధ్యలో చెప్పడంలోనే ఉంది.

పిల్లల నవలైనా అంతే. 'చందమామ' రోజుల్లో ఆ మజా నెలనెలా దొరికేది. 1954 నాటి 'తోకచుక్క' మొదలు ఆ సీరియల్స్ కోసం ఇంటిల్లిపాదీ కాచుక్కూర్చునేవారు. సరిగ్గా ఆపద ముంచుకొచ్చే చోట కథ ఆగేది. ఇక నెల్లాళ్లూ బడిలో, ఇంట్లో అదే చర్చ. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ గొప్పా, జీవదత్తుడు గొప్పా? చిత్రా గీసిన బొమ్మల్ని బట్టి తర్వాతి కథ ఊహించేవాళ్లూ ఉండేవారు. ఇంతా చేసి, రాసిందెవరో వాళ్లకు తెలీదు. ఆ సీరియల్స్ మీద దాసరి సుబ్రహ్మణ్యం పేరే ఉండేది కాదు! అర్ధశతాబ్దానికి పైగా ఆ పత్రికలోనే పనిచేసిన ఆయన 2010లో కన్నుమూశారు.

ఆ సీరియల్స్ తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. చిక్కల్లా ఒక్కటే... నెల్లాళ్లు ఆగాల్సిన పని లేదు. గబగబా చదివేసి, 'ఎలా ఉందిరా?' అంటే 'బాగుంది' అని ఊరుకుంటారు పిల్లలు. అదే, సగంలో ఉండగా అడిగి చూడండి- 'వాణ్ని నమ్మొచ్చంటావా?' అని. ముఖ్యంగా 13, 14 ఏళ్ల వాళ్లని. తమ గురించి అడిగితే నోరు విప్పని వయసది. కథలో మనిషి గురించైతే గంటసేపు వాదిస్తారు. 'నాకు నచ్చలేదు' అన్నా సరే, ఎందుకో చెప్పనివ్వండి. మీరు ముందే చదివేసుంటే మాత్రం ముగింపు చెప్పేయకండేం!