సున్నపురాయి తూకము

తెలుగునాట సున్నమెరుగని యిల్లు లేదు. గోడకు వెల్లవేయుటకును, తమలపాకునకు రాయుటకును, పెండ్లికూతురి పాదములకు పారాణి కలుపుటకును సున్నమే కావలయును. ఇంత సామాన్యమైన పదార్థమున రసాయన శాస్త్రపు మూలసూత్రములు పెక్కు ఇమిడియున్నవి. మూలకము, సంయోగము, రసాయనిక మార్పు అను మాటలను వల్లించి పరీక్ష కాగానే మరచు విద్యార్థి, ఒక పూట సున్నపుబట్టీ పనిని శ్రద్ధగా చూచెనేని వానిని మరల మరవడు.

పల్నాటి సీమలోని పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు పేరుపొందిన ఊరు. సున్నపురాతిని సమ్మెటతో కొట్టిన ముక్కలగును. ముక్కలను నూరిన పిండియగును. అయినను అది సున్నపురాయియే. రూపు మారినది కాని గుణము మారలేదు. ఇది భౌతిక మార్పు. ఆ ముక్కలనే బొగ్గుతోపాటు బట్టీలో పేర్చి, సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చినచో కథ మారును. చల్లారిన పిదప వెలికి తీసిన గడ్డ చూపునకు రాతివలెనే యుండును. తూచిన మాత్రము బరువు చాల తగ్గియుండును. దానిపై నీరు చల్లినచో బుసలు కొట్టుచు, ఆవిరులు గ్రక్కుచు పొంగి పిండిగా రాలిపోవును. పచ్చిరాతిపై కడవలకొలది నీరు పోసినను ఇట్లు జరుగదు. కావున బట్టీలోనుండి వచ్చినది వేరొక పదార్థము. ఇది రసాయనిక మార్పు.

మరి తగ్గిన బరువు ఏమైనది? పూర్వపు పండితులు పెక్కురు నిప్పులోని తీక్ష్ణతయే రాతిలో ప్రవేశించి సున్నమునకు కాల్చు గుణము నిచ్చినదని తలచిరి. వినుటకిది సబబుగానే తోచును. నిప్పులో పడి లేచిన వస్తువు చురుక్కుమనుటలో వింతయేమి? కాని ఏదియో వచ్చి చేరినచో బరువు పెరుగవలెను గదా! తగ్గుటకు కారణమేమి?

ఈ చిక్కును విడదీసినవాడు స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించుచు అతడు మొదలిడిన పరిశోధన 1756లో ప్రకటింపబడెను. అతని ఆయుధము త్రాసు. 120 గ్రెయినుల సుద్దను కాల్చగా 68 గ్రెయినుల సున్నము మిగిలెను. సుద్దయు సున్నపురాయియు ఒకే జాతివి. ఆ సున్నమును నూరి, క్షారలవణము కరగించిన నీటిలో వేసి, కడిగి, ఆరబెట్టి తూచగా 118 గ్రెయినులు తూగెను. అది మరల సుద్దయే! పోయిన బరువు రమారమి తిరిగి వచ్చినది. కాల్చునప్పుడు రాతినుండి ఒక గాలి వెలువడుననియు, అదే గాలి క్షారలవణములోను ఇమిడియుండి సున్నమును చేరెననియు అతడు నిరూపించెను. రాతిలో చిక్కియున్నది గనుక దానికి 'బంధింపబడిన గాలి' యని పేరిడెను. ఆ గాలియే నేడు మనము కార్బన్ డయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువు. నిప్పు ఇచ్చినదేమియు లేదు. రాతిలోనున్న దానిని వెడలగొట్టినది.

ఇప్పుడు పరమాణుభారములతో లెక్క సరిచూడవచ్చును. కాల్షియము 40, కార్బను 12, ఆక్సిజను 16. ఇవి మూలకములు. సున్నపురాతిలో కాల్షియము ఒకటి, కార్బను ఒకటి, ఆక్సిజను మూడు పాళ్ళు కలిసియుండుటచే మొత్తము 100. దానిని కాల్చగా 56 పాళ్ళు సున్నము, 44 పాళ్ళు వాయువు ఏర్పడును. 56ను 44ను కూడినచో 100 వచ్చును. రసాయనిక చర్యలో పదార్థము పుట్టదు, నశించదు అను నియమమును ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లవోజియె 1789లో తన గ్రంథమున స్పష్టముగా చెప్పెను.

నీరు చల్లునపుడు 56 పాళ్ళ సున్నమునకు 18 పాళ్ళ నీరు కలిసి 74 పాళ్ళ తడిసున్నమగును. బుసలు కొట్టుటకు కారణము ఈ కలయికలో పుట్టు వేడియే. నీరు మరగునంతటి వేడి! అందుచేత పిల్లలు దాని చెంతకు పోరాదు. సున్నము కంట పడినచో నలుపక, వెంటనే ధారాళముగా మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికడకు కొనిపోవలయును. ఆలసించిన చూపునకే మోసము.

వెల్లసున్నములో నీలిమందు కలుపుట మాత్రము సంయోగము కాదు. ఎంత వేసినను అడ్డులేదు, ఒకరు చిటికెడు, వేరొకరు పిడికెడు వేయుదురు. అది వట్టి మిశ్రమము. సంయోగమున పాళ్ళు నియతములు. 56కు 18 పాళ్ళ నీరే కలియును, మిక్కిలిగా పోసినది విడిగానే యుండును.

సున్నము క్షారగుణము కలది. పసుపునీటిలో వేసినచో ఎర్రబారును. హారతికి కలుపు ఎర్రనీళ్ళ రహస్యమిదియే. అందు నిమ్మరసము పిండినచో, ఆమ్లము క్షారమును అణచి, పసుపుపచ్చ మరల కానవచ్చును.

తడిసున్నము తేటలోనికి గొట్టముతో ఊపిరి ఊదిన అది పాలవలె తెల్లబడును. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి, సన్నని సున్నపురాతి పొడి యేర్పడుటయే దానికి కారణము. గోడపై పూసిన సున్నమును గాలినుండి అదే వాయువును నెమ్మదిగా గ్రహించును. 74 పాళ్ళ తడిసున్నము 44 పాళ్ళ వాయువును తీసికొని 100 పాళ్ళ రాయియై, 18 పాళ్ళ నీటిని విడుచును. క్రొత్తగా సున్నముతో కట్టిన యింటి గోడలు చాలకాలము చెమ్మగిల్లియుండుటకు ఈ నీరును ఒక కారణము. దళసరి గోడలలో గాలి చొరరాని లోపలి సున్నము ఏండ్ల తరబడి సున్నముగానే యుండి, పైపొర మాత్రము ముందుగా రాయియగును.