ఆర్మగాం కోట: నెల్లూరు తీరంలో తొలి ఆంగ్లేయ దుర్గం – చరిత్ర, నిర్మాణ తాత్పర్యం

వ్యాస సంగ్రహం:

కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మొదట కోట కట్టుకొన్నది మద్రాసులో కాదు. నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం వద్ద. ఆంగ్ల పత్రాలలో ఈ స్థలం పేరు ఆర్మగాం. 1626లో మొదలై 1640లో ముగిసిన ఈ కోట చరిత్రను, దాని నిర్మాణ స్వభావాన్ని మధ్యయుగ ఇంగ్లండు దుర్గ సంప్రదాయంతోను, ఆనాటి తీరాంధ్ర రాజకీయ స్థితితోను కలిపి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. కోట ఎక్కడ లేవాలో నిర్ణయించినది కట్టేవారి బలం కన్నా, కట్టుకొమ్మని స్థానిక పాలకుడు ఇచ్చిన అనుమతి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆర్మగాం, దుగరాజపట్నం, దుర్గ నిర్మాణం, కౌలు, నాయకరాజులు, ఫ్రాన్సిస్ డే, జార్జి కోట.

1. ఉపోద్ఘాతం

నెల్లూరు సీమలో కోట అనగానే ఉదయగిరి గుర్తుకు వస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తరువాత గజపతుల నుంచి గెలుచుకొన్న ఆ గిరిదుర్గం ఒక రాజ్యభాగానికి కాపు. కొండ చరియలే దానికి సగం ప్రాకారం. అదే సీమకు తూర్పు అంచున, ఉప్పుటేరులూ ఇసుకమేటలూ ఉన్న చదునైన నేలమీద, ఉదయగిరి విజయం జరిగిన సుమారు 110 ఏళ్లకు మరొక కోట వెలిసింది. అది రాజ్యాన్ని కాచేందుకు కట్టినది కాదు, బట్టల మూటలను కాచేందుకు కట్టినది. దాని ఆయుష్షు పద్నాలుగేళ్లు. మద్రాసు చరిత్రలకు ఉపోద్ఘాత వాక్యంగా మాత్రమే కనిపించే ఆ కోటను నెల్లూరు తీర చరిత్రలో భాగంగా చదవవలసిన అవసరం ఉంది.

2. స్థలం, పేరు

దుగరాజపట్నం పులికాట్ సరస్సుకు ఉత్తరాన, వాకాడు మండలంలో ఉంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి నుంచి పులికాట్ దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్లు, చెన్నై సుమారు 100 కిలోమీటర్లు. తీరానికి ఎదురుగా సముద్రంలో ఇసుకమేట ఉంది. నావికుల పటాలలో దాని పేరు ఆర్మగాం మేట. మేటకూ ఒడ్డుకూ నడుమనున్న నీరు ఓడలు లంగరు వేయడానికి కొంత అనువైనది.

ఆంగ్లేయులకు ఇక్కడ అడుగు మోపడంలో సాయపడిన ఆరుముగ మొదలియారు అనే స్థానికుని పేరుమీదుగా ఆర్మగాం అన్న పేరు వచ్చిందని జనశ్రుతి. ఊరి పేరు దుగరాజపట్నం, దుర్గరాజపట్నం, దుగ్గరాజుపట్నం అని పలు రూపాలలో వ్యవహారంలో ఉంది. 'దుర్గ' అన్న రూపాన్ని చూసి ఆంగ్లేయుల దుర్గంతో ముడిపెట్టాలన్న ఆలోచన సహజమే. అయితే రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనాలలో 'దుగరాజు' అన్న పదం కనిపిస్తుంది. దానిని 'యువరాజ' శబ్దానికి తద్భవంగా భాషావేత్తలు వివరించారు. ఆ కోణంలో చూస్తే 'దుగ' రూపమే ప్రాచీనమనీ, 'దుర్గ' అర్థబోధ కోసం తరువాత చేసిన సంస్కరణమనీ భావించవచ్చు. కాబట్టి ఊరి పేరును కోటకు సాక్ష్యంగా తీసుకోవడం క్షేమం కాదు.

3. ఇంగ్లండు దుర్గం: నివాసం నుంచి ఫిరంగి వేదికకు

కోట కట్టినవారు వెంట తెచ్చుకొన్న నిర్మాణ సంప్రదాయం ఏమిటి? మధ్యయుగ ఇంగ్లండులో దుర్గం ప్రభువు నివాసమూ రక్షణ స్థానమూ కూడా. 11వ శతాబ్దిలో నార్మనులు మట్టిదిబ్బ మీద కొయ్య బురుజు నిలిపి, చుట్టూ కందకం తవ్వారు. తరువాతి కాలంలో కొయ్య స్థానంలో రాయి వచ్చింది. గోడలు ఎత్తు పెరిగాయి. గోడ తలపై కోటకొమ్మలు నిర్మించుకోవాలంటే ప్రభువులు రాజు నుంచి అనుమతి పత్రం పొందేవారు. 1385లో రెండవ రిచర్డ్ రాజు ఎడ్వర్డ్ డాలింగ్రిగ్ అనే ప్రభువుకు ఇచ్చిన పత్రంతోనే ససెక్స్‌లోని బోడియం దుర్గం లేచింది. కోటకొమ్మలు రక్షణతో పాటు హోదాకూ గుర్తు కావడం వల్లనే వాటికి రాజముద్ర కావలసి వచ్చింది.

ఫిరంగి రాకతో ఈ నిర్మాణం మారింది. ఎత్తయిన గోడ గుండు దెబ్బకు సులభ లక్ష్యమైంది. ఎనిమిదవ హెన్రీ 1539-40లో కట్టించిన డీల్ కోటలో గోడలు పొట్టివి, మందమైనవి. బురుజులు గుండ్రనివి, ఫిరంగులు నిలిపే వేదికలు. 1558 నుంచి బెర్విక్ పట్టణ ప్రాకారానికి కోణాకార కొత్తడాలు కట్టారు. ఒక కొత్తడం మీది ఫిరంగి పక్క కొత్తడం పాదాన్ని కాచే విధానమిది. 17వ శతాబ్దిలో తూర్పు సముద్రాలకు వచ్చిన వర్తకుల ఊహలో కోట అంటే ఈ రెండవ రకమే. అయితే నివాసమూ రక్షణా ఒకే ఆవరణలో ఉండాలన్న పాత భావన మాత్రం అలాగే నిలిచింది. ప్రభువు మందిరం ఉండవలసిన చోట సరకుల గిడ్డంగి వచ్చింది.

4. తీరాంధ్ర రాజకీయ నేపథ్యం

1611లో ఆంథనీ హిప్పన్ నాయకత్వంలో వచ్చిన 'గ్లోబ్' ఓడ మొదట పులికాట్‌ను తాకింది. చంద్రగిరి ప్రభువు వేంకటపతిరాయల నుంచి డచ్చివారు అప్పటికే అక్కడ హక్కు పొందారు. ఆంగ్లేయులకు చోటు దొరకలేదు. ఓడ పెద్దపల్లికి, అంటే నేటి నిజాంపట్నానికి, అక్కడి నుంచి మచిలీపట్నానికి సాగింది. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోటను స్థాపించారు. 1619 నాటి ఆంగ్ల-డచ్చి ఒప్పందం వల్ల ఆంగ్లేయులకు పులికాట్ వర్తకంలో కొంతకాలం పాలు దొరికినా ఆ పొత్తు నిలవలేదు.

ఇదే కాలంలో పాలకుల స్థితి కూడా మారింది. 1614లో వేంకటపతిరాయలు మరణించగా, వారసత్వ కలహంలో రాజకుటుంబం హతమైంది. బతికిన బాలుడు రామదేవుని పక్షాన వెలుగోటి యాచమ నాయకుడు నిలిచి, తోపూరు యుద్ధంలో గెలిపించాడు. రామదేవరాయలు సింహాసనం ఎక్కినా, అధికారం నాయకుల చేతులలోకి జారింది. తీరం మీది నాయకునికి రేవు అంటే సుంకం, గుర్రాలు, ఆయుధాలు. పరదేశి వర్తకుడు వస్తే అవి దొరుకుతాయి. 1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నంలో స్థావరం పొందింది ఈ పరిస్థితిలోనే.

5. కోట స్వరూపం: 12 ఫిరంగులు, 23 మంది

ఈ కోటను గురించి తరచుగా ఉదాహరించే లెక్క 1628 నాటిది: 12 ఫిరంగులు; వర్తకులు, సైనికులు కలిపి 23 మంది. ఈ రెండు అంకెలను కలిపి చదివితే కోట స్వభావం అర్థమవుతుంది. లెక్కలోని వారందరూ ఫిరంగుల దగ్గర నిలిచినా, ఒక్కొక్క ఫిరంగికి ఇద్దరు కూడా రారు. వారిలో కొందరు కలం పట్టేవారే. కనుక ఇది ముట్టడిని తట్టుకొనే కోట కాదు. ఆకస్మిక దాడి నుంచి గిడ్డంగిని కాచడం, లంగరు వేసిన ఓడలకు ఒడ్డు నుంచి రక్షణ కల్పించడం, పొరుగునున్న డచ్చివారికి తమ ఉనికిని చాటడం దాని ప్రయోజనాలని చెప్పవచ్చు.

కోరమాండల్ తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలలో సరకు అలలు దాటాలి. ఓడ వచ్చేలోగా బట్టలు నేత గ్రామాల నుంచి చేరి, మూటలై సిద్ధంగా ఉండాలి. నెలల తరబడి పెట్టుబడి అంతా గిడ్డంగిలో నిలిచి ఉంటుంది. ఫిరంగి కాచింది ఆ నిలవ సరకునే.

6. ఫర్మానా, కౌలు

1628లో మచిలీపట్నంలో స్థానికాధికారుల ఒత్తిడి భరించలేక ఆంగ్లేయులు ఆర్మగాంకు తరలివచ్చారు. కొద్ది ఏళ్లకే తిరిగి మచిలీపట్నం చేరారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన 'స్వర్ణ ఫర్మానా' ఏడాదికి 500 వరహాల సుంకంతో గోల్కొండ రేవులలో వర్తకం చేసుకొనే హక్కు ఇచ్చింది. అందులో వర్తకానికి రాయితీ ఉంది, గోడకు అనుమతి లేదు. బలమైన ప్రభుత్వం పరదేశి వర్తకుడికి సుంకం తగ్గిస్తుంది గాని ఫిరంగి నిలపనివ్వదు.

నాయకుల కౌలు ఇందుకు భిన్నం. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు మద్రాసుపట్నంలో ఇచ్చిన కౌలులో కోట, టంకశాల, రేవు సుంకంలో సగం ఆంగ్లేయులకు దక్కాయి. నేటి తెలుగులో 'కౌలు' పొలం గుత్తకు పరిమితమైంది. ఆనాడు అది పాలకుడు ఇచ్చే అభయపత్రం, ఒడంబడిక. బోడియం ప్రభువుకు రాజపత్రం ఎటువంటిదో, తీరంలోని వర్తకుడికి కౌలు అటువంటిది. భేదం ఒక్కటే: బోడియం ప్రభువు రాజుకు ప్రజ, కౌలు పొందిన కంపెనీ నాయకునికి ప్రజ కాదు.

7. దక్షిణానికి తరలింపు

ఆర్మగాం లోపం దాని గోడలలో కన్నా దాని వెనుకనున్న వర్తకంలో ఉంది. కావలసిన రకం బట్ట తగినంతగా, చౌకగా అక్కడ దొరకలేదు. స్థావర అధిపతి ఫ్రాన్సిస్ డే దక్షిణాన వెదికి, మద్రాసుపట్నంలో బట్ట ఇతర చోట్లకన్నా 20 శాతం చౌక అని నివేదించాడు. 1640 ఫిబ్రవరి 20న డే, ఆండ్రూ కోగన్ సుమారు 25 మంది సైనికులతో అక్కడికి చేరారు. వారి వెంట వచ్చినవారిలో తుపాకిమందు తయారుచేసే నాగబట్టన్ అనే స్థానికుని పేరు కూడా నమోదైంది. ఏప్రిల్ 23, సెయింట్ జార్జి పండుగ రోజు, కొత్త కోటకు ఆ పేరు పెట్టారని సంప్రదాయం. నాలుగు మూలలా కొత్తడాలు, నడుమ అధిపతి నివాసం గల చతురస్రాకార రక్షణ దానిది. సైనికుల సంఖ్యను బట్టి చూస్తే ఇది ఆర్మగాం ప్రమాణంలోనే మొదలైంది. అనుమతి, రేవు, చౌక బట్ట మూడూ ఒకచోట కలిసినందువల్ల ఇది నిలిచింది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• కోరమాండల్ తీరంలో తొలి ఆంగ్లేయ కోట స్థానాన్ని నిర్ణయించినది విజయనగర కేంద్రాధికార క్షీణత. గోల్కొండ నిరాకరించిన గోడను నాయకుల సీమ అనుమతించింది.

• ఆర్మగాం మధ్యయుగ దుర్గం నుంచి నివాస-రక్షణ ఐక్యతను, తరువాతి కోటల నుంచి ఫిరంగి వేదికను స్వీకరించిన వర్తక దుర్గంగా గుర్తించదగినది.

• కోట ఉన్నంత మాత్రాన రేవు నిలవదని ఆర్మగాం అనుభవం చూపింది.

2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలు ఈ ఊరివద్దనే భారీ ఓడరేవును నిర్మించి, తొలి దశను 2018 చివరికి పూర్తిచేయాలని పేర్కొంది. ఆ గడువు నిర్మాణం లేకుండానే గడిచింది. రేవు వచ్చినా రాకపోయినా, తీరంలో తవ్వకాలు జరిగే ముందు కోట స్థలాన్ని పురావస్తు దృష్టితో సర్వే చేయించడం, ఊరి పేర్లను, కౌలు పత్రాల తెలుగు పక్షాన్ని పరిశోధించడం విశ్వవిద్యాలయాల బాధ్యత. జార్జి కోటలా నిలిచి కనబడని కట్టడానికి ఆధారాలు నేలలో, నుడిలో, పత్రాలలోనే ఉంటాయి. వీటిలో నేల ఒకసారి చెదిరితే తిరిగి చదవడానికి వీలుండదు.