రెండు పెట్టెల్లో పట్టే ఇల్లు

ఈ వారం ఇంటి అలంకరణ గురించి మాట్లాడమని అడిగారు. నేను ఇంటీరియర్ డిజైనర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. కాకపోతే ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి మూటా ముల్లే సర్దుకోవాల్సిన ఉద్యోగం కాబట్టి, పన్నెండేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారాం. టెక్సాస్ ఎండలూ చూశాం, మిన్నెసోటా మంచూ చూశాం. ఏ వస్తువు ప్రతి ఇంట్లోనూ ఇమిడిపోయిందో, ఏది రెండో ఇంటికే చెత్తబుట్ట పక్కకి చేరిందో చెప్పమంటే మాత్రం చెప్పగలను.

ఎప్పటికీ పాతబడని వస్తువులు కొనుక్కోండని అలంకరణ పుస్తకాలు చెబుతుంటాయి. లేత రంగులు, సాదా గీతలు ఎంచుకోండంటాయి. మంచిదే. కానీ మన కొలత వేరుగా ఉండాలని నా అభిప్రాయం. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే సాధారణంగా ఉండే గడువు గరిష్ఠంగా అరవై రోజులు. 2017 నుంచీ ఉన్న నిబంధన అది. ఆ రెండు నెలల్లో ఇంకో ఉద్యోగమన్నా దొరకాలి, ఇంకో దారన్నా చూసుకోవాలి, లేదా విమానమెక్కాలి. 2023లో మా వెనక వీధిలో ఉండే ఒక కుటుంబం అలాగే వెళ్ళిపోయింది. సోఫా, ఎల్ ఆకారపు డెస్కు, గాజు డైనింగ్ టేబులు రోడ్డు పక్కన పెట్టి "ఉచితం" అని కాగితం అంటించారు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. వాటిలో బట్టలు, పిల్లల పుస్తకాలు పోగా ఇంట్లోంచి వాళ్ళు తీసుకెళ్ళినవి ఒక జంపఖానా, ఒక ఇత్తడి తాంబాళం, గోడ మీది కలంకారీ గుడ్డ. ఆ ఇంటి పాపకి ఇండియాలో దిగాక "మన ఇల్లు" అనిపించింది ఆ మూడింటిని చూసేనట.

అందుకని ఏదైనా కొనేముందు, ఈ గోడకి నప్పుతుందా అని కాదు, రాబోయే ఇంట్లో ఇది ఏం పని చేస్తుంది అని అడగండి. గోడ మీది కాదు, అద్దె ఇచ్చేవాడిది.

జంపఖానాతో మొదలుపెడదాం. వరంగల్ కొత్తవాడలో నేస్తారు, 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలుది, మగ్గం మీద బిగువుగా నేసినది, తివాచీకి ఉండే నూగు దీనికి ఉండదు. దానివల్ల రెండు లాభాలు. ఒకటి, రెండువైపులా ఒకలాగే ఉంటుంది కనుక ఒకవైపు మాసితే తిరగేసి వేసుకోవచ్చు. రెండు, మడిస్తే పెట్టె అడుగున పరుచుకుంటుంది. హాల్లో సోఫా ముందు వేస్తే రగ్గు. సత్యనారాయణ వ్రతానికి నలుగురూ కూర్చునే ఆసనం. వేసవిలో పార్కుకి తీసుకెళ్తే పిక్నిక్ పరుపు. చెక్క నేల మీద మాత్రం జారుతుంది, కింద రబ్బరు వల ఒకటి వెయ్యండి. ముసలివాళ్ళు వచ్చే ఇళ్ళలో ఇది మరిచిపోకండి.

ఇత్తడి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ మోసం అక్కడే ఉంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. పూత ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది, లేచాక చేసేదేమీ లేదు. అసలు ఇత్తడైతే ఎంత నల్లబడినా మళ్ళీ తోముకోవచ్చు. చింతపండులోని పులుపు పైన పట్టిన నల్లటి పొరని కరిగిస్తుంది, ఉప్పు రాపిడికి పనికొస్తుంది. తోమాక బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడి వదిలేస్తే చిలుము పడుతుంది. అయితే ఈమధ్య అలంకరణకి అమ్మే ఇత్తడి సామాను చాలావాటికి లక్క వార్నిష్ పూసి ఇస్తున్నారు. వాటిని చింతపండుతో తోమితే వార్నిష్ మచ్చలు మచ్చలుగా లేచి అసహ్యంగా తయారవుతాయి. మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. కొనేటప్పుడే పూత ఉందో లేదో అడగండి.

మరి ఏది కొనాలి? విగ్రహాలకంటే పాత్రలు. శ్రీకాకుళం జిల్లా బుడితి పాత్రలు చూడండి, నున్నటి గుండ్రటి ఆకారాలు, నగిషీ తక్కువ. ఏ ఇంట్లో పెట్టినా ఎబ్బెట్టుగా ఉండవు. జనగామ దగ్గర పెంబర్తివాళ్ళది ఇత్తడి రేకు మీద కొట్టి తీసే పని, నగిషీ ఎక్కువ. అలాంటిది ఒక గదికి ఒకటి చాలు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు పద్నాలుగంగుళాల తాంబాళం కొనమంటాను. రోజూ గుమ్మం పక్కన తాళాలు, ఉత్తరాలు అందులోనే. శ్రావణమాసంలో వాయనాలకి అదే. బతుకమ్మ పేర్చుకునేవాళ్ళకి అదే. థాంక్స్ గివింగ్‌కి చిన్న గుమ్మడికాయలు పెట్టి బల్ల మధ్యన పెడితే మా పక్కింటి అమెరికావాళ్ళు ఎక్కడ కొన్నారని అడిగారు. సమయానికి ఉపయోగపడే వస్తువు మూలన పడి దుమ్ము పట్టదు, అలంకరణగా కూడా అదే బాగుంటుంది.

ఇక కలంకారీ. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసేది, మచిలీపట్నం పక్కన పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దేది. రెండూ అసలైనవే, ఒకటి గొప్ప ఒకటి తక్కువ అని కాదు. శ్రీకాళహస్తిలో గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెడతారు, రంగు పక్కకి పాకకుండా. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నల్లరంగు వస్తుంది. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. అన్నీ గీసినట్టు గీసినట్టు ఒకేలా ఉన్నాయంటే అది యంత్రంతో అచ్చువేసిన గుడ్డ.

దీన్ని ఖరీదైన గాజు ఫ్రేములో బిగించకండి. ఫ్రేము బరువు, ఇల్లు మారేటప్పుడు గాజు పగలడం, ఆ తర్వాత గోడకి సరిపోకపోవడం. వెనకవైపు పైఅంచున ఒక గొట్టంలా గుడ్డ కుట్టించి, అందులో చెక్క కడ్డీ దూర్చి వేలాడదీయండి. కడ్డీ తీసేస్తే బల్ల మీద పరుచుకోవచ్చు, పూజకి వెనక తెరగా కట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, చెట్ల నుంచీ వేళ్ళ నుంచీ వచ్చిన రంగులు ఎండకి వెలుస్తాయి. ఇక్కడ దక్షిణపు కిటికీలోంచి వచ్చే శీతాకాలపు ఎండ గది లోపలిదాకా పడుతుంది. దానికి ఎదురుగోడ మాత్రం వద్దు.

బొమ్మల సంగతికొస్తే, ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర మీద, తరిణె పట్టి, లక్కరంగు వేడితో ఎక్కించినది. వేడితో ఎక్కిన రంగు వేడికే మెత్తబడుతుంది. హీటరు గాలి వచ్చే రంధ్రం మీదా, ఎండలో నిలిపిన కారులోనూ పెట్టకండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రది, దూదిలా తేలిక, చెయ్యి విరిగినా జిగురుతో అతుక్కుంటుంది. దశావతారాలు పది తెచ్చి అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టే బదులు, ఒక్క అంబారీ ఏనుగుని పుస్తకాల అల్మరాలో ఒంటరిగా పెట్టి చూడండి. హాలు లేపాక్షి ఎంపోరియంలా ఉండనవసరం లేదు.

అన్నీ మన ఊరివే కావాలని కూడా నేననను. ఇక్కడ శనివారాలు ఎస్టేట్ సేల్స్ జరుగుతాయి. నిజమైన ఓక్ కర్ర బెంచీ, పుస్తకాల అల్మరా చవకగా దొరుకుతాయి. రంపపుపొట్టు అద్దిన పలకలతో చేసినవాటికి ఇల్లు మారాలంటే మర విప్పాలి, రెండోసారి బిగిస్తే మర పట్టదు, తడి తగిలితే ఉబ్బుతుంది. గట్టి కర్రది గీతలు పడితే గీకి నూనె రాసుకోవచ్చు. ఓక్ బెంచీ మీద ఇత్తడి బిందె పెట్టండి, రెండూ ఎప్పట్నుంచో చుట్టాల్లా ఉంటాయి.

ఊరెళ్ళినప్పుడు నాయనమ్మగారింట్లోంచి పాత విగ్రహాలు తెచ్చుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట. వందేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళావస్తువులు సొంతవైనా సరే దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. కొత్తదే అయినా పాతదిలా కనిపిస్తే, పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని బయల్దేరండి. ఏనుగు దంతం ముక్క ఉన్నది ఏదైనా అక్కడే వదిలేయండి.

చివరగా, ఒక అమ్మగారు అడిగిన ప్రశ్న: "గోడకి ఎంత ఎత్తున తగిలించాలి, మేకులకి డిపాజిట్ పోదా?" పటం మధ్యభాగం నేల నుంచి యాభై ఏడు, అరవై అంగుళాల మధ్య ఉంటే నిలబడ్డవాళ్ళ కంటికి సరిపోతుందండీ. మనవాళ్ళు కింద కూర్చునే గదిలో ఇంకో ఆరంగుళాలు దించండి. బరువైనదైతే గోడ వెనక నిలువు దుంగ మీదే మేకు పడాలి. చాలా ఇళ్ళలో ఈ దుంగలు పదహారు అంగుళాలకొకటి చొప్పున ఉంటాయి. ఇందాకటి అయస్కాంతం గోడ మీద మెల్లగా జరిపితే, దుంగలో దిగిన మర దగ్గర అంటుకుంటుంది. కలంకారీ గుడ్డ లాంటి తేలిక వాటికి రెండు సన్నటి మేకులు చాలు. ఖాళీ చేసేరోజు తెల్ల స్పాకిల్ కొంచెం వేలితో అద్ది, ఆరాక గరుకు కాగితంతో రుద్దేయండి. గోడకి తెలుపు కాకుండా ఇంకో రంగుంటే, ఇంట్లో దిగిన రోజునే ఆ పెయింటు పేరు ఆఫీసులో అడిగి రాసి పెట్టుకోండి.